అపార్ట్‌మెంట్ నీళ్ల మోటర్‌కి సింక్రనస్ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాయడం ఎలా

మాది వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో ఒకటిన్నర హెచ్‌పీ మోనోబ్లాక్ మోటరు. సంపులోకి కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో మన చేతిలో లేదు, కరెంటు సంగతైతే అసలే మన చేతిలో లేదు, అందుకని ఆర్డుయినో అనే చిన్న కంట్రోలర్ బోర్డు పెట్టి ఆటోమేటిక్ చేద్దామని మూడేళ్ల కిందట నేనే సీ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాశా. డిలేలు, ఇంటరప్టులు (నడుస్తున్న పనిని మధ్యలో ఆపి పిలిచేవి), నాలుగు ఫ్లాగులు (ఫలానాది జరిగిందని గుర్తు పెట్టుకునే వేరియబుల్స్), అందరూ రాసేలాగే. ఆర్నెల్లు బాగానే తిరిగింది. ఒకరోజు తెల్లారకుండానే వాచ్‌మన్ తాత తలుపు కొట్టి "బాబూ, మోటర్ కాడ కాలిన వాసనొస్తంది, ఓసారి వచ్చి సూడు" అన్నాడు. కిందకెళ్లి చూస్తే సంపులో చుక్క లేదు, మోటర్ రాత్రంతా ఉత్తినే తిరిగి వైండింగ్ కాలిపోయింది.

కోడ్ తీసి చూస్తే తెలిసింది ఏటంటే, సంపు ఖాళీ అన్న ఇంటరప్టు వచ్చింది, ఫ్లాగ్ కూడా పెట్టింది, కానీ సరిగ్గా అదే టైమ్‌లో మెయిన్ లూప్ పై ట్యాంకు తక్కువైందని చూసి ఆ ఫ్లాగ్‌ని తుడిచేసి మోటర్ ఆన్ చేసింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలి అన్న ప్రశ్న నా కోడ్‌లో ఎక్కడా లేదు. నేను అడగలేదు, సీ కూడా నన్ను అడగలేదు.

ఆ ప్రశ్నని రాసేటప్పుడే మనచేత అడిగించే లాంగ్వేజ్‌లు 1980ల నుంచీ ఉన్నాయి. వాటినే సింక్రనస్ లాంగ్వేజ్‌లు అంటారు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, చిన్న చిన్న కంట్రోలర్లు చేసుకునేవాళ్లు ఎవరైనా సరే వీటిని ఒక్కసారి వాడి చూడాలని నా గట్టి కోరిక, అందుకే నేను మోటర్‌కి రెండోసారి ఎలా రాశానో మొదట్నుంచీ చివరిదాకా చెప్తా, మీరు కూడా పక్కన రాసుకుంటూ రండి.

ముందు కొంచెం నేపథ్యం. ఫ్రాన్స్‌లో మూడు ఊళ్లలో మూడు లాంగ్వేజ్‌లు దాదాపు ఒకే కాలంలో పుట్టాయి. సోఫియా ఆంటిపొలిస్‌లో జెరార్ బెర్రీ వాళ్ల బృందం ఎస్టెరెల్, గ్రెనోబుల్‌లో పాల్ కాస్పి, నికొలా హాల్బ్‌వాక్స్ కలిసి లస్టర్, రెన్‌లో అల్బర్ బెన్‌వెనిస్ట్, పాల్ లె గెర్నిక్ కలిసి సిగ్నల్. ఎస్టెరెల్ అనేది అక్కడి సముద్రం పక్కనున్న ఎర్రటి కొండల పేరు, నాకు ఆ సంగతి తెలిసినప్పుడు భీమిలి రోడ్డులో మన ఎర్రమట్టి దిబ్బలు గుర్తొచ్చాయి. లస్టర్ మీద కట్టిన ఇండస్ట్రీ టూల్ పేరు స్కేడ్, ఎయిర్‌బస్ ఏ380 ఫ్లైట్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కి వాడింది దాన్నే. అంటే విమానానికి పనికొచ్చిన పద్ధతే మన మోటర్‌కీ పనికొస్తుంది, మోటర్ చిన్నదని పద్ధతి చిన్నది అక్కర్లేదు.

మొదటి పని: డిలే మర్చిపోయి టిక్‌లో ఆలోచించండి

ఇది కోడ్ పని కాదు, తల లోపలి పని, కానీ ఇది కుదరకపోతే మిగతాది ఏదీ కుదరదు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

తప్పెటగుళ్లు చూసే ఉంటారు, మన ఉత్తరాంధ్రలో జాతరలప్పుడు. పదిహేను ఇరవై మంది గుండె మీద తప్పెట కట్టుకుని ఆడతారు. దెబ్బకీ దెబ్బకీ మధ్యలో ఒక్కొక్కడి కాలు ఒక్కోచోట గాల్లో ఉంటుంది, అది ఎవరికీ పట్టదు. దెబ్బ పడే క్షణానికి మాత్రం అందరి కాలూ నేల మీదే. సింక్రనస్ ప్రోగ్రామ్ సరిగ్గా అలాగే. టైమ్‌ని టిక్కులుగా కోస్తాం. ఒక్కో టిక్‌లో ఇన్‌పుట్లన్నీ ఒక్కసారి చదువుతాం, సమీకరణాలన్నీ లెక్కేస్తాం, అవుట్‌పుట్లన్నీ ఒకేసారి బయట పెడతాం. లెక్కకి పట్టే టైమ్ సున్నా అనుకుంటాం. నిజంగా సున్నా కాదు, కానీ తర్వాతి టిక్ వచ్చేలోపు అయిపోతే చాలు, ప్రోగ్రామ్ లోపలి లెక్కకి అది సున్నాతో సమానమే. దీన్నే సింక్రనస్ హైపోథెసిస్ అంటారు.

దీనివల్ల లాభం ఏటంటే "ఒకేసారి" అన్న మాటకి ఖచ్చితమైన అర్థం వచ్చేస్తుంది. సంపు ఖాళీ, పై ట్యాంకు తక్కువ, రెండూ ఒకే టిక్‌లో నిజమైతే ఒకేసారి వచ్చినట్టే, ఏది ముందు ఏది వెనక అన్న గొడవే ఉండదు, రెండూ నిజమైనప్పుడు మోటర్ ఏం చెయ్యాలో మీరు రాసి తీరాలి.

మన మోటర్‌కి టిక్ 100 మిల్లీసెకన్లు పెట్టుకోండి. నీళ్లు అంతకంటే తొందరగా ఏమీ మారవు. కొంతమంది ఎందుకైనా మంచిదని 1 మిల్లీసెకను పెడతారు, వద్దు, లెక్కలు అనవసరంగా పెద్దవైపోతాయి, అది ఎందుకు చెడ్డదో కింద చెప్తా.

రెండో పని: సామాన్లు

లినక్స్ ఉన్న లాప్‌టాప్‌లో ఓపామ్ వేసుకోండి, అది ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌కి ప్యాకేజీ మేనేజర్. దాంతో హెప్టాగన్ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, లస్టర్ వంశం లాంగ్వేజే, కంపైల్ చేస్తే శుభ్రమైన సీ కోడ్ ఇస్తుంది. దాంతో పాటు కైండ్ టూ కూడా వేసుకోండి, ఇది అయోవా యూనివర్సిటీలో తయారైన మోడల్ చెకర్, మనం రాసిన ప్రోగ్రామ్ మాట తప్పుతుందో లేదో ఇది తేలుస్తుంది. రెండింటికీ సింటాక్స్‌లో సెమికోలన్ ఎక్కడ పెట్టాలి లాంటి చిన్న చిన్న తేడాలు ఉంటాయి, అసలు గుండెకాయ ఒకటే. స్కేడ్ జోలికి ఇప్పుడు వెళ్లకండి, అది కంపెనీలు లైసెన్సు కొనుక్కుని వాడేది.

హార్డ్‌వేర్‌కి ఆర్డుయినో ఊనో ఒకటి, ఫ్లోట్ స్విచ్చులు మూడు (సంపు అడుగున ఒకటి, పై ట్యాంకులో కింద ఒకటి పైన ఒకటి), రిలే మాడ్యూల్ ఒకటి, మోటర్‌కి తగ్గ కాంటాక్టర్ (మోటర్ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) ఒకటి. చిన్న నీలం రిలేకి మోటర్‌ని డైరెక్టుగా తగిలించకండి, స్టార్టింగ్ కరెంటుకి దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. రిలేతో కాంటాక్టర్ కాయిల్ని నడపాలి, కాంటాక్టర్ మోటర్‌ని నడపాలి. 230 వోల్టుల వైపు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, ఇందులో మొహమాటం వద్దు.

మూడో పని: మొదటి సమీకరణం

ఇక్కడ కోడ్ తెలుగు లిపిలోనే చూపిస్తున్నా, చదవడానికి సుళువని. మీరు టైప్ చేసేటప్పుడు కీవర్డులు, పేర్లు మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.

నోడ్ పంపు(తక్కువ, నిండింది, ఖాళీ: బూల్) రిటర్న్స్ (మోటర్: బూల్)
లెట్
మోటర్ = ఇఫ్ ఖాళీ ఆర్ నిండింది దెన్ ఫాల్స్
ఎల్స్ ఇఫ్ తక్కువ దెన్ ట్రూ
ఎల్స్ (ఫాల్స్ -> ప్రీ మోటర్);
టెల్

అంతే ప్రోగ్రామ్. నోడ్ అంటే ఇన్‌పుట్లు తీసుకుని అవుట్‌పుట్లు ఇచ్చే ఒక ముక్క, బూల్ అంటే ట్రూ, ఫాల్స్ రెండే విలువలు ఉండే రకం. తక్కువ, నిండింది పై ట్యాంకు ఫ్లోట్లు చెప్పేవి, ఖాళీ సంపు ఫ్లోట్ చెప్పేది. లెట్‌తో మొదలు, దాన్ని తిరగేస్తే టెల్, దాంతో ముగింపు. మధ్యలో ఉన్నది సీలోలాగా "ఈ డబ్బాలో ఈ విలువ వెయ్యి" అన్న ఆర్డర్ కాదు, ప్రతి టిక్‌లోనూ ఇది నిజం అని చెప్పే సమీకరణం, చిన్నప్పుడు లెక్కల్లో రాసినట్టే. అందుకే సమీకరణాలు పది ఉన్నా ఏ వరసలో రాసినా ఫర్వాలేదు, వరస కంపైలర్ చూసుకుంటుంది.

కొత్తగా కనిపించేవి రెండే. ప్రీ మోటర్ అంటే పోయిన టిక్‌లో మోటర్ విలువ. బాణం గుర్తు అంటే మొదటి టిక్‌లో ఎడమ పక్కది, ఆ తర్వాత ఎప్పుడూ కుడి పక్కది. మొట్టమొదటి టిక్‌కి ముందు టిక్ లేదు కదా, అప్పుడు ప్రీకి విలువే లేదు, అందుకే బాణం పెట్టాలి. పెట్టకపోతే హెప్టాగన్ కంపైలర్ ఒప్పుకోదు. సీలో విలువ పెట్టని వేరియబుల్ వాడితే ఎన్ని రాత్రులు పోతాయో తెలిసినవాళ్లకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది.

ఇప్పుడు కాగితం తీసి చేత్తో టిక్కులు నడపండి, ఈ పని మాత్రం ఎగ్గొట్టకండి. మొదటి టిక్‌లో మూడు ఫ్లోట్లూ ఫాల్స్, మోటర్ ఫాల్స్. రెండో టిక్‌లో తక్కువ ట్రూ అయింది, మోటర్ ట్రూ. మూడో టిక్‌లో నీళ్లు కొంచెం పైకొచ్చి తక్కువ మళ్లీ ఫాల్స్, మోటర్ మాత్రం ప్రీ వల్ల ట్రూగానే ఉంది, ఆగలేదు. ఇలా తిరిగి తిరిగి పైన నిండింది ట్రూ అయిన టిక్‌లో మోటర్ ఫాల్స్. తర్వాతి టిక్‌లో ఎవరో స్నానానికి కుళాయి తిప్పారు, నిండింది ఫాల్స్ అయింది, కానీ తక్కువ ఇంకా ఫాల్సే, కాబట్టి మోటర్ ఆగే ఉంది. మనకి కావాల్సింది సరిగ్గా ఇదే.

ఖాళీ, తక్కువ రెండూ ఒకే టిక్‌లో ట్రూ అయితే? ఇఫ్‌లో ఖాళీ ముందుంది, మోటర్ ఫాల్స్. నా మోటర్‌ని కాల్చిన ప్రశ్నకి జవాబు ఒక్క లైన్లో కళ్లకి కనిపిస్తోంది.

నాలుగో పని: ఫ్లోట్ల తడబాటు ఆపడం

సంపులోకి నీళ్లు పైపు నుంచి దూకుతుంటే అలలకి ఫ్లోట్ టకటకా కొట్టుకుంటుంది. పైగా మన బీచ్ వైపు ఉప్పుగాలికి కాంటాక్టులు పచ్చగా తుప్పు పట్టి ఇంకా అల్లరి చేస్తాయి. అందుకని ఒక ఇన్‌పుట్ వరసగా ఐదు టిక్కులు ట్రూగా ఉంటేనే నమ్మే చిన్న నోడ్ రాద్దాం, పేరు నిలకడ.

నోడ్ నిలకడ(ఎక్స్: బూల్) రిటర్న్స్ (వై: బూల్)
వార్ పాత, లెక్క: ఇంట్;
లెట్
పాత = 0 -> ప్రీ లెక్క;
లెక్క = ఇఫ్ నాట్ ఎక్స్ దెన్ 0 ఎల్స్ ఇఫ్ పాత >= 5 దెన్ 5 ఎల్స్ పాత + 1;
వై = లెక్క >= 5;
టెల్

లెక్క 5 దగ్గర ఆగిపోయేలా రాశాం చూడండి, ఎందుకంటే ట్యాంకు రెండు రోజులు నిండే ఉంటే లెక్క అలా పెరుగుతూనే పోకూడదు.

దీన్ని పంపు నోడ్‌లో మూడు ఇన్‌పుట్లకీ మూడుసార్లు పిలవొచ్చు. ప్రతి పిలుపుకీ సొంత జ్ఞాపకం ఉంటుంది, ఒకదాని లెక్క ఇంకోదానితో కలవదు, సీలో స్టాటిక్ వేరియబుల్ పెట్టి ఫంక్షన్ రాసి దాన్ని మూడు చోట్ల వాడి దెబ్బతిన్నవాళ్లకి ఇది ఎంత హాయో. ఒక్క జాగ్రత్త, నిలకడని ఇఫ్ కొమ్మ లోపల పెట్టి పిలవకండి. ఇక్కడ ఇఫ్‌కి రెండు కొమ్మలూ ప్రతి టిక్‌లోనూ లెక్క అవుతాయి, చివర్లో ఒకటి ఎంచుకుంటుంది అంతే. సీ అలవాటుతో "ఆ కొమ్మలోకి వెళ్లినప్పుడే లెక్క పెరుగుతుంది" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. విడిగా ఒక సమీకరణంలో పిలిచి, ఆ ఫలితాన్ని ఇఫ్‌లో వాడుకోండి.

ఐదో పని: విరామం, అక్కడే వచ్చే చిక్కు

మోటర్ ఒకసారి ఆగితే ఐదు నిమిషాలు మళ్లీ స్టార్ట్ అవ్వకూడదు, మాటిమాటికీ స్టార్ట్ అయితే వైండింగ్ వేడెక్కుతుంది. ఐదు నిమిషాలంటే 300 సెకన్లు, 100 మిల్లీసెకన్ల టిక్‌తో 3000 టిక్కులు. నేను మొదట రాసింది ఇలా: మోటర్ పోయిన టిక్‌లో ఆన్ ఉండి ఈ టిక్‌లో ఆఫ్ అయితే ఆగింది ట్రూ, ఆగింది ట్రూ అయితే విరామం 3000, విరామం సున్నా కంటే ఎక్కువుంటే మోటర్ ఫాల్స్. చదవడానికి ఎంత బాగుందో. కంపైల్ చేస్తే కాజాలిటీ ఎర్రర్, అంటే ఒక విలువ అదే టిక్‌లో తన మీద తనే ఆధారపడుతోంది, అని మొహం మీద కొట్టింది.

గంటసేపు కంపైలర్‌దే తప్పనుకున్నా. తర్వాత కాగితం మీద ఒక్క టిక్ తీసుకుని చూశా. పోయిన టిక్‌లో మోటర్ ఆన్ ఉంది, ఫ్లోట్లన్నీ మామూలుగా ఉన్నాయి. ఈ టిక్‌లో మోటర్ ఆన్ అనుకుందాం, అప్పుడు ఆగలేదు, విరామం లేదు, కాబట్టి మోటర్ ఆన్. సరిపోయింది. పోనీ మోటర్ ఆఫ్ అనుకుందాం, అప్పుడు ఆగింది, విరామం 3000, కాబట్టి మోటర్ ఆఫ్. ఇదీ సరిపోయింది! ఒకే పరిస్థితికి రెండు జవాబులు, రెండూ సమీకరణాలకి ఒప్పుతున్నాయి. అంటే నేను రాసింది ప్రోగ్రామే కాదు, మోటర్ తనంతట తను ఆగిపోయినా తప్పు పట్టలేని ఒక అస్పష్టమైన మాట. సీలో అయితే లైన్లు ఏ వరసలో రాస్తే ఆ వరసలో ఏదో ఒక జవాబు వచ్చేసేది, నేను అదే కరెక్టనుకుని పెట్టేసేవాణ్ణి. ఈ లాంగ్వేజ్‌ల మీద నాకు నిజంగా గౌరవం పుట్టింది ఆ రోజే.

బయటపడే దారి, గుండ్రంగా తిరిగే ఆ దారిలో ఎక్కడో ఒకచోట ప్రీ పెట్టడం. మోటర్ చూడాల్సింది ఇప్పటి విరామాన్ని కాదు, పోయిన టిక్ నాటికి ఎంత మిగిలిందో దాన్ని.

మిగిలింది = 3000 -> ప్రీ విరామం;
ఆగింది = ఫాల్స్ -> (ప్రీ మోటర్ అండ్ నాట్ మోటర్);
విరామం = ఇఫ్ ఆగింది దెన్ 3000 ఎల్స్ ఇఫ్ మిగిలింది > 0 దెన్ మిగిలింది - 1 ఎల్స్ 0;

మోటర్ సమీకరణంలో మొదటి షరతుకి "ఆర్ మిగిలింది > 0" కలపండి. ఇప్పుడు వరస తెగింది: మిగిలింది పాతది, దాన్నుంచి మోటర్, మోటర్ నుంచి ఆగింది, దాన్నుంచి విరామం.

మిగిలిందికి మొదటి విలువ 0 కాకుండా 3000 ఎందుకు పెట్టానో చూడండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఆర్డుయినో మొదటి టిక్ నుంచి మొదలవుతుంది. మన దగ్గర గాలీవానా వచ్చినప్పుడు కరెంటు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది, వోల్టేజి ఊగుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక నీళ్లకి ఎంత ఇబ్బంది పడ్డామో వైజాగ్‌లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు, అలా వచ్చీరాని కరెంటుకి మోటర్ వెంటనే దూకి స్టార్ట్ అవ్వకూడదు. కాబట్టి బాణానికి ఎడమ పక్క రాసేది ఏదో ఒక అంకె కాదు, కరెంటు వచ్చిన క్షణాన మీ మెషీన్ ఏం చెయ్యాలన్న నిర్ణయం. ప్రతి బాణం దగ్గరా ఆగి ఆలోచించండి.

ఆరో పని: ఎప్పుడూ తప్పకూడని మాట రాసి చెక్ చేయించడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. ఒకే ఒక్క మాట రాయండి: ఖాళీ ట్రూ అయిన ఏ టిక్‌లోనూ మోటర్ ట్రూ కాకూడదు. దీన్ని ప్రాపర్టీగా పెట్టి కైండ్ టూకి ఇవ్వండి. అది నాలుగు కేసులు టెస్ట్ చేసి వదిలెయ్యదు, ఇన్‌పుట్లు ఏ వరసలో వచ్చినా సరే ఆ మాట నిలబడుతుందా అని గణితంతో నిరూపించడానికి చూస్తుంది, నిలబడకపోతే ఏ టిక్‌లో ఏ ఇన్‌పుట్ ఇస్తే పడిపోతుందో చూపిస్తుంది. చెక్ చేసేటప్పుడు మాత్రం 3000 బదులు 3 పెట్టుకోండి, లేదంటే తప్పు దొరకాలంటే అది మూడు వేల టిక్కులు దాటి వెతకాలి.

నేను మూడు ఇన్‌పుట్లకీ నిలకడ పెట్టి, ఇక ఢోకా లేదనుకుని ఇచ్చా. ఐదో టిక్‌లో పడిపోయిందని చూపించింది. మొదటి నుంచీ తక్కువ ట్రూ, ఐదో టిక్‌కి దాని నిలకడ ట్రూ అయి మోటర్ ఆన్ అయింది. సరిగ్గా ఆ ఐదో టిక్‌లోనే సంపు ఖాళీ అయింది, కానీ ఖాళీకి కూడా నిలకడ పెట్టా కాబట్టి అది నమ్మడానికి ఇంకా నాలుగు టిక్కులు కావాలి. అంటే నీళ్లు లేవని తెలిసి కూడా నా ప్రోగ్రామ్ మోటర్‌ని ఆన్ చేస్తోంది.

సగం సెకనుకి మోటర్ ఏమీ కాలిపోదు, నిజమే. కానీ ఆలోచిస్తే అసలు తప్పు అది కాదు. ఆపడానికీ స్టార్ట్ చెయ్యడానికీ ఒకే కొలత పెట్టడం తప్పు. ఆపడం వెంటనే జరగాలి, స్టార్ట్ చెయ్యడమే నెమ్మదిగా జరగాలి. దిద్దుబాటు ఒక్క లైను:

నీళ్లున్నాయి = నిలకడ(నాట్ ఖాళీ);

ఖాళీని నిలకడగా చూడ్డం మానేసి, ఖాళీ కాకపోవడాన్ని నిలకడగా చూస్తున్నాం. ఖాళీ ట్రూ అయిన ఆ టిక్‌లోనే లెక్క సున్నా, నీళ్లున్నాయి ఫాల్స్, మోటర్ వెంటనే ఆఫ్. మళ్లీ నమ్మాలంటే వరసగా ఐదు టిక్కులు నీళ్లు కనపడాలి. మోటర్ సమీకరణంలో ఖాళీ ఉన్నచోట నాట్ నీళ్లున్నాయి పెట్టి మళ్లీ చెక్ చేయించండి, ప్రాపర్టీ నిజమని తేలుస్తుంది. దీనివల్ల ఒక్క అలకే మోటర్ ఆగి ఐదు నిమిషాల విరామంలోకి వెళ్లే ప్రమాదం ఉంది, దానికి మందు కోడ్‌లో లేదు, సంపులో ఫ్లోట్‌ని నీళ్లు దూకే పైపుకి దూరంగా కట్టడమే.

ఒక హెచ్చరిక. కైండ్ టూలో మామూలు ఇంట్ అంటే హద్దు లేని లెక్కల పుస్తకం పూర్ణాంకం. ఊనోలో సీ ఇంట్ 16 బిట్లే, 32767 దాటితే తిరగబడుతుంది. మన 3000కి భయం లేదు. కానీ 1 మిల్లీసెకను టిక్ పెట్టి ఐదు నిమిషాలంటే 3 లక్షలు, ఊనోలో పట్టదు, కైండ్ టూ మాత్రం అంతా బాగుందనే చెప్తుంది. టిక్ చిన్నది పెట్టొద్దని పైన అన్నది అందుకే. అనుమానముంటే కైండ్ టూలోనే 16 బిట్ల మెషీన్ ఇంట్ రకం ఉంది, దాంతో రాసి చెక్ చేయించండి.

ఏడో పని: సీ కోడ్ తీసి బోర్డులో పెట్టడం

హెప్టాగన్ మీ నోడ్‌కి రెండు ఫంక్షన్లు ఇస్తుంది. రీసెట్ అనేది మొదట్లో ఒక్కసారి పిలవాలి, స్టెప్ అనేది టిక్‌కి ఒక్కసారి పిలవాలి. ప్రీ విలువలన్నీ ఒక స్ట్రక్చర్‌లో ఉంటాయి. మాలాక్ (నడుస్తుండగా మెమరీ అడగడం) లేదు, రికర్షన్ (ఫంక్షన్ తనని తనే పిలవడం) లేదు, ఎంత మెమరీ పడుతుందో కంపైల్ అయినప్పుడే తెలిసిపోతుంది, ఊనోలో ఉన్న 2 కేబీ ర్యామ్‌లో ఇది ఒక మూల సర్దుకుంటుంది.

లూప్ మీరే రాయాలి, చిన్నదే కానీ మొత్తం నమ్మకం దీని మీదే ఉంది. 100 మిల్లీసెకన్లు అయ్యిందా చూడండి, అయితే మూడు పిన్నులూ ఒకేచోట ఒక్కసారే చదివి మూడు వేరియబుల్స్‌లో పెట్టండి, స్టెప్ పిలవండి, రిలే పిన్ రాయండి. స్టెప్ మధ్యలో మళ్లీ పిన్ చదవడం, ఇంటరప్టులో ఇన్‌పుట్ మార్చడం చేశారంటే ఇప్పటిదాకా పడ్డ కష్టం గంగలో కలిసినట్టే, ఒకే టిక్‌లో ఒకే ఇన్‌పుట్‌కి రెండు విలువలు వచ్చేస్తాయి.

టైమ్ చూసేటప్పుడు మిల్లీస్ (బోర్డు లేచి ఎన్ని మిల్లీసెకన్లయిందో చెప్పే ఆర్డుయినో ఫంక్షన్) నుంచి పాత టైమ్ తీసేసి 100తో పోల్చండి, అన్‌సైన్డ్ లాంగ్ (మైనస్ అంకెలు లేని పెద్ద పూర్ణాంకం) రకంలోనే. మిల్లీస్ దాదాపు 50 రోజులకోసారి సున్నాకి తిరుగుతుంది, తీసివేతతో రాస్తే ఆ రోజు కూడా ఏమీ కాదు. పాత టైమ్‌కి ఇప్పటి టైమ్ పెట్టకుండా పాత టైమ్‌కే 100 కలపండి, లేదంటే టిక్ కొంచెం కొంచెం జారుతుంది.

స్టెప్‌కి ఎంత టైమ్ పడుతోందో మైక్రోస్‌తో (మిల్లీస్ లాంటిదే, మైక్రోసెకన్లలో చెప్తుంది) ముందు వెనక చూసి కొలవండి, ఎక్కువలో ఎక్కువ ఎంతో రాసి పెట్టుకోండి. 100 మిల్లీసెకన్లకి చాలా దూరంలో ఉండాలి. ఈ చిన్న ప్రోగ్రామ్‌కి ఉంటుంది, కానీ రేపు అదే లూప్‌లో ఎల్‌సీడీ డిస్‌ప్లేనో జీఎస్ఎమ్ మెసేజో కలిపారంటే ఆ లెక్క మారిపోతుంది, సున్నా టైమ్ అన్న నమ్మకం అక్కడే కూలుతుంది.

రిలే మాడ్యూల్స్ చాలావాటికి పిన్ మీద వోల్టేజి "లో" (తక్కువ) అయితే ఆన్, "హై" (ఎక్కువ) అయితే ఆఫ్. కాబట్టి సెటప్‌లో ముందు ఆ పిన్‌కి హై రాసి, ఆ తర్వాత అవుట్‌పుట్‌గా మార్చండి. వరస తప్పితే బోర్డు లేచిన ప్రతిసారీ మోటర్ ఒక్క క్షణం టక్కుమంటుంది, మీ సమీకరణాలు ఎంత సరిగ్గా ఉన్నా.

ఫ్లోట్ వైరింగ్ కూడా ఆలోచించి పెట్టండి. సంపు ఫ్లోట్‌ని నీళ్లున్నప్పుడు సర్క్యూట్ మూసుకునేలా కలిపితే, ఎలకలు వైరు కొరికినా ప్రోగ్రామ్‌కి అది ఖాళీలాగే కనిపిస్తుంది, మోటర్ ఆగుతుంది. తిరగేసి కలిపితే తెగిన వైరు నిండు సంపులా కనిపిస్తుంది. ఈ తప్పు ఏ మోడల్ చెకరూ పట్టుకోలేదు.

ఎస్టెరెల్ ఎప్పుడు?

మన మోటర్‌లో విలువలు పారుతున్నాయి, దానికి లస్టర్ పద్ధతి చక్కగా సరిపోయింది. కానీ పని అంతా "ఇది వచ్చేదాకా ఆగు, మధ్యలో అది వస్తే మొత్తం వదిలెయ్యి" అన్న రకంగా ఉంటే, లిఫ్టు, గేటు, కమ్యూనికేషన్ ప్రోటోకాల్ లాంటివి, ఎస్టెరెల్ పద్ధతి హాయి. దాంట్లో అందరూ మొదట నేర్చుకునే ఉదాహరణ పేరు ఏబీఆర్ఓ: ఏ, బీ రెండు సిగ్నళ్లూ ఏ వరసలో వచ్చినా, రెండూ వచ్చిన క్షణాన "ఓ" అనే సిగ్నల్ పంపాలి, "ఆర్" అనే సిగ్నల్ ఎప్పుడొస్తే అప్పుడు మొత్తం మొదటికి రావాలి. మామూలు స్టేట్ మెషీన్‌గా (ఒక్కో స్థితికి ఒక గుండ్రం, మారడానికి ఒక బాణం) గీస్తే సిగ్నళ్లు పెరిగేకొద్దీ బొమ్మ చేంతాడంత అవుతుంది, ఎస్టెరెల్‌లో ఒక్కో సిగ్నల్‌కి ఒక్కో ఎవెయిట్ (ఇది వచ్చేదాకా ఆగు అన్న ఆర్డర్) పక్కపక్కన పెడితే చాలు. హెప్టాగన్‌లో కూడా ఆటోమేటన్ (స్టేట్ మెషీన్ లాంటిదే) రాసుకునే వీలుంది కాబట్టి, మోటర్ బాగా తిరిగాక మాన్యువల్ మోడ్, ఆటో మోడ్ దాంతో కలపండి. క్లాకులు, వెన్ అన్న మాటల జోలికి మాత్రం మొదటి ప్రోగ్రామ్‌లో వెళ్లొద్దు.

ఆఖరి పని: మోటర్ బదులు బల్బు

కాంటాక్టర్‌కి మోటర్ కలపకుండా ముందు ఒక బల్బు కలిపించండి, మూడు రోజులు అలాగే ఉంచండి. వాచ్‌మన్‌కి చెప్పి పెట్టండి, బల్బు ఎప్పుడు వెలిగింది ఎప్పుడు ఆరింది గోడ మీద సుద్దతో రాయమని. మా తాతైతే పూటపూటకీ రాశాడు, నేను కాగితం మీద నడిపిన టిక్కులతో పోల్చుకుంటే ఒక్కటీ తేడా రాలేదు. ఆ మూడు రోజుల్లో మీరు కూడా ఒక్కో ఫ్లోట్‌ని చేత్తో ఎత్తి దించి చూడండి, బల్బు వెలుగుతుండగా సంపు ఫ్లోట్ వైరు పీకి చూడండి, మెయిన్ ఆపి మళ్లీ వేసి ఐదు నిమిషాలు గడియారం పట్టుకుని నిలబడండి. అన్నీ అనుకున్నట్టే జరిగితే నాలుగో రోజు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బల్బు తీయించి మోటర్ కలిపించండి.